అయిదున్నర శ్రుతీ, మా భజన కీబోర్డూ

మా భజన సమాజం కీబోర్డు గురించి ఊళ్లో ప్రతివాళ్లూ మాట్లాడారు. దాన్ని కొన్న అధ్యక్షులవారు మాట్లాడారు. దాన్ని అమ్మిన రాజమండ్రి షాపతను మాట్లాడాడు. ఏనాడూ భజనకు రానివాళ్లు కూడా టీకొట్టు దగ్గర నిలబడి అది మంచిదో కాదో తేల్చేశారు. కొన్న రోజు నుంచి దాని ముందు కూర్చున్నవాణ్ణి నేను. "ఏవండీ, మీకెలా ఉంది?" అని ఇంతవరకు ఒక్కరూ నన్ను అడగలేదు. ఇప్పుడు పక్క వీధిలోని వినాయకుడి గుడివాళ్లు అలాంటిదే కొనబోతున్నారని విన్నాను. వాళ్లు కూడా వెళ్లి అధ్యక్షులవారినే అడిగారు. ఆయనకు ఏది మెట్టో ఏది బటనో తెలియదు. "చాలా బాగుందండి, చంటిపిల్లాడైనా వాయించేస్తాడు" అని చెప్పి పంపారట.

చంటిపిల్లాడి సంగతి నాకు తెలియదు. వాయించింది నేను. దానివల్ల జరిగిన మేలేమిటో, చెరుపేమిటో నాకు కాకుండా ఈ ఊళ్లో ఇంకొక్క మనిషికే తెలుసు. ఆవిడ మా అక్క. ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. అందుకని ఎవరూ అడక్కపోయినా నేనే చెబుతాను.

ముందు హార్మోనియం గురించి చెప్పాలి. రామచంద్రపురానికి దగ్గరే మా ఊరు. ఊరికి రెండు పక్కలా కాలవలు, మిగతా రెండు పక్కలా వరిచేలు. ఇక్కడ చెమ్మ చేరని వస్తువుండదు. వానాకాలం వచ్చిందంటే హార్మోనియం మెట్లు ఉబ్బేవి. ఒకటి నొక్కితే పక్కది కూడా కిందకి దిగి, రెండూ కలిసి ఏడ్చేవి. తిత్తి తోలును ఎలుకలు కొరికాయి. గాలి పోకుండా నేను లోపల గుడ్డ అంటించుకుని వాయించేవాణ్ణి. బాగుచేయించమని ప్రతి మీటింగులో లేచి నిలబడి అడిగాను. ప్రతిసారీ "చూద్దామండి" అన్నారు. ఎవరు ఏ గొంతుతో ఎప్పుడు అన్నారో ఇప్పటికీ చెప్పగలను. చివరికి ఒక తుపాను వానకు గుడి మంటపం కురిసి, హార్మోనియం మీద ధారగా పడింది. తెల్లారి మూత తీస్తే కప్ప బయటికి గెంతింది.

అప్పుడైనా బాగుచేయిస్తారనుకున్నాను. అధ్యక్షులవారు రాజమండ్రి వెళ్లి, నాతో ఒక్క మాట చెప్పకుండా, పొడవాటి అట్టపెట్టె తెచ్చారు. చూస్తే నల్లటి ప్లాస్టిక్ కీబోర్డు. చంకలో పెట్టుకుని పోవచ్చు. "ఇదిగోనండి, ఇక మీకు రిపేర్ల గొడవ ఉండదు" అని నా ఒళ్లో పెట్టారు. రిపేర్ల గొడవ నాదన్నట్టు.

నేను ముట్టుకోనన్నాను. ఆ శనివారం భజనకు వెళ్లనని ఇంట్లో కూర్చున్నాను. అక్క వచ్చింది. అక్కది మా వెనక వీధే. మా బావ పోయాక ఒక్కతే ఉంటోంది. స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయింది. నాకంటే నాలుగేళ్లు పెద్ద, అయినా నేను ఇంకా నిక్కర్లేసుకుంటున్నట్టే మాట్లాడుతుంది.

"ఏరా, అలిగావా?"

"అలగడానికి నేనెవర్ని? కొనేటప్పుడు అక్కర్లేనివాణ్ణి, వాయించడానికి మాత్రం కావాలా?"

"సరేలే. అయితే నేనూ వెళ్లను. ఇద్దరం కూర్చుని పేకాడుకుందాం. పేకలేవీ?"

"నువ్వు పాడకపోతే వాళ్లూరుకుంటారేంటి?"

"ఊరుకోరు కదా? మరి లే. నువ్వు వాయించకపోతే నేను పాడను, నేను పాడకపోతే వాళ్లూరుకోరు. నువ్వే చెప్పావు. లేవరా, కాళ్లు కడుక్కో."

వెళ్లాను. అక్కతో వాదించి గెలిచినట్టు నాకు జ్ఞాపకం లేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ కీబోర్డులో మంచి లేకపోలేదు. మోయడానికి ఒక మనిషి చాలు, ఆ మనిషి నాలా మోకాళ్ల నొప్పులున్నవాడైనా ఫర్వాలేదు. చెమ్మకు ఉబ్బదు. ఎలుక కొరకడానికి అందులో తోలు లేదు. కరెంటు పోతే బ్యాటరీలు వేసుకుని వాయించుకోవచ్చు. మా ఊళ్లో శనివారం సాయంత్రం కరెంటు పోవడానికీ మంగళహారతికీ ఏదో ఒప్పందం ఉన్నట్టుంటుంది కనుక అది చిన్న సౌకర్యం కాదు. తిత్తి కదపనక్కర్లేదు కాబట్టి ఎడమ చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చెయ్యి ఏంచేసుకోవాలో తెలియక మొదట్లో ఒళ్లో పెట్టుకునేవాణ్ణి. దాన్ని తర్వాత దేనికి వాడానో ముందు ముందు చెబుతాను.

చెడ్డా ఉంది. స్పీకరు చిన్నది. పదిమంది తాళాలు, చిడతలు అందుకుంటే దాని గొంతు సంతలో చంటిపిల్ల ఏడుపే. అడాప్టర్ పిన్ను వదులు, ఎవరి కాలు తగిలినా ఊడిపోయేది. రెండువందల రకాల వాయిద్యాల శబ్దాలున్నాయన్నారు. అన్నీ ఒకే మనిషి రకరకాల గొంతులతో మిమిక్రీ చేసినట్టుంటాయి. అందులో వీణ అని రాసిన శబ్దం వినగానే అక్క నవ్వాపుకోలేక చీరచెంగు నోట్లో కుక్కుకుంది. దానంతటదే పాట వాయించే బటన్ ఒకటి ఉంది. ఎందుకు పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి. ఒకసారి పూజారిగారు హారతి పళ్లెం ఎత్తగానే నా మోచెయ్యి దానికి తగిలింది. ఏదో విదేశీ పెళ్లి డాన్సు లాంటిది మొదలయింది. ఆపడం తెలియలేదు. పూజారిగారు పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "స్వామివారు కూడా ఉలిక్కిపడ్డార్రా" అని అక్క మైకులోనే అనేసింది. ఊరంతా నవ్వింది. నాకు ఆ నవ్వింకా గుర్తుంది.

వీటన్నిటికంటే నాకు బాధ కలిగించినది వేరు. దాని మెట్లకు స్పర్శ తెలియదు. మెల్లగా తాకినా, కోపంగా కొట్టినా అదే శబ్దం. ఎక్కువ ధర పెట్టినవాటికి తెలుస్తుందట. హార్మోనియం అలా కాదు. ఇంట్లో ఎవరితోనైనా పడనినాడు తిత్తి విసురుగా కదిలేది, అక్క వెంటనే "ఇవాళేమయిందిరా?" అనేది. కీబోర్డు వచ్చాక ఆ మాట అడగలేదు. నా మనసులో ఏముందో పక్కన కూర్చున్న మనిషికి తెలిసే దారి మూసుకుపోయింది. అది మొదట్లో నాకు అవమానంగా అనిపించింది. తర్వాత అదే నాకు అక్కరకొచ్చింది.

అక్క గొంతు గురించి చెప్పాలంటే శ్రుతి లెక్క కొంచెం చెప్పాలి. మావైపు హార్మోనియం తెల్లమెట్లను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు. నల్లమెట్లు అరలు. పాడేవాళ్లు ఏ మెట్టును షడ్జమంగా పెట్టుకుంటే అది వాళ్ల శ్రుతి. అక్కది అయిదున్నర. ఆడవాళ్లలో కూడా అది పైశ్రుతే. పెళ్లికాకముందు నుంచీ అదే. పాట మొదలుపెట్టే ముందు వాయించేవాడు పాడేవాళ్లను శ్రుతి అడగడం మర్యాద. తెలిసినా అడగాలి. ప్రతి శనివారం నేను "అక్కా, శ్రుతి ఎంత?" అనేవాణ్ణి. అక్క మైకు సర్దుకుని, "అయిదున్నర" అనేది. ఆ ఒక్క మాటలో ఆవిడ చదువు, సర్వీసు, పరువు అన్నీ ఉండేవి. ఊళ్లో పిల్లలు ఆవిణ్ణి అయిదున్నర టీచరమ్మగారు అనేవాళ్లు. అక్క వాళ్లను కోప్పడినట్టు నటించేది.

చిన్నప్పుడు మా ఇంటికి సంగీతం మాస్టారు సైకిలు మీద వచ్చేవారు. ఇద్దరినీ కూర్చోబెట్టి పాడించి చూశారు. మా నాన్న తేల్చేశారు: "దానికి గొంతుందండి. వాడికి చేతులున్నాయి, శ్రుతిపెట్టె వాడికివ్వండి." అంతే. అక్క పాడుతుంటే నేను శ్రుతిపెట్టె తిత్తి కదుపుతూ కూర్చున్నాను. నాన్న ఆ మాట చెడుగా అనలేదని అక్క అంటుంది. అనేవాళ్లకు అలాగే ఉంటుంది. నేను హార్మోనియం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆ శ్రుతిపెట్టె పక్కన కూర్చుని విన్నదే. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసిన రోజుల్లో కూడా శనివారం తప్పలేదు. ఏ సభలోనైనా అక్క పేరు చెప్పి చప్పట్లు కొట్టించేవారు. నన్ను "హార్మోనియం సహకారం, వారి తమ్ముడుగారు" అనేవాళ్లు. నాకూ ఒక పేరుంది.

కీబోర్డు వచ్చిన కొన్నాళ్లకు, ఒక శనివారం, అక్క గొంతు పైస్థాయిలో విరిగింది. చరణంలో పైషడ్జమం అందుకుని నిలబడాలి. అందుకుంది, కానీ నిలబడలేదు. చిల్లుపడ్డ గొట్టంలో గాలిలా జారింది. ఢోలక్ ఆయన నా వైపు చూశాడు. నేను అతని వైపు చూడలేదు. ముందు వరసలో ఎవరో "టీచరమ్మగారికి జలుబు చేసినట్టుంది" అన్నారు. అక్క పాట ఎలాగో పూర్తి చేసింది.

ఇంటికి వెళ్తూ దారిలో అంది: "ఇవాళ నీ పెట్టె ఎక్కువ పలికిందిరా."

"పెట్టె ఎక్కువెలా పలుకుతుందే? అది మెషిను. పొద్దున్న ఎంతో సాయంత్రమూ అంతే."

"ఏమో మరి. నాకు తెలుస్తుంది కదా. పాతపెట్టెతో ఎప్పుడూ ఇలా అవలేదు."

అవలేదు. ఎందుకంటే పాతపెట్టె గాలి పోయి, చాలా ఏళ్లుగా అరశ్రుతికి దగ్గరగా కిందకి కుంగి ఉండేది. అది నాకు కీబోర్డు వచ్చాకే తెలిసింది. చెప్పాలనుకున్నాను. అక్క వారంరోజులు మిరియాల పాలు తాగింది, చల్లనీళ్లు మానేసింది, అలసందలు తినకూడదని ఎవరో చెబితే అవీ మానేసింది. ఒక్క వీధి ఇవతల ఉండి అదంతా చూశాను.

ఆ కీబోర్డులో ఒక బటన్ ఉంది. దాన్ని నొక్కితే మొత్తం మెట్లన్నీ ఒక్కసారిగా అరశ్రుతి దిగిపోతాయి. వేళ్లు ఎప్పుడూ నొక్కే మెట్లే నొక్కుతాయి, పలికేది మాత్రం కిందిది. ఎన్నిసార్లు నొక్కితే అంత కిందికి. మా పాత హార్మోనియానికి లేని సౌకర్యం అది. పాట పాడుతున్నవాళ్ల గొంతును బట్టి ఎంతకంటే అంతకి మార్చుకోవచ్చు, వేళ్లకు కొత్త దారి నేర్పనక్కర్లేదు. ఆ యంత్రం మొత్తంలో మెచ్చుకోదగ్గది అదొక్కటే.

తర్వాతి శనివారం అడిగాను: "అక్కా, శ్రుతి ఎంత?"

"అయిదున్నర."

ఖాళీగా ఉన్న ఎడమ చేత్తో బటన్ ఒకసారి నొక్కాను. కుడిచేత్తో అదే నల్లమెట్టు నొక్కాను. అక్క నా వేలు చూసింది. వేలు ఉండాల్సిన చోటే ఉంది. పలికింది అయిదు. అక్క పైషడ్జమం అందుకుని, అక్కడ పీట వేసుకుని కూర్చున్నట్టు నిలబడింది. భజన అయ్యాక నా వీపు మీద చరిచింది. "చూశావా, నీ పెట్టెకి బుద్ధొచ్చింది."

ఆ రాత్రి అన్నం ఎంత రుచిగా తిన్నానో. అంత సంతోషం చాలా కాలంగా లేదు. ఇప్పుడు ఆ సంతోషం తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కార్తీకమాసం వచ్చేసరికి రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. ఎండలు ముదిరాక మూడుసార్లు. అంటే నాలుగు శ్రుతి. అక్క మాత్రం ప్రతి శనివారం మైకు సర్దుకుని "అయిదున్నర" అంటూనే ఉంది. "ఈ వయసులో అయిదున్నరండి! ఇప్పటి పిల్లలకి చేతనవుతుందా?" అని అధ్యక్షులవారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారు. ఢోలక్ ఆయన చెవితో విని, సుత్తితో కొట్టి శ్రుతి బిగించుకునే మనిషి, అంకెలు అడగడు. "ఈమధ్య నా సుత్తికి పని తగ్గిందండి" అని మాత్రం ఒకసారి అన్నాడు. నేను మాట మార్చాను.

ఇక్కడ ఆ కీబోర్డు చెడ్డగుణం ఇంకొకటి చెప్పాలి. దానికి జ్ఞాపకం లేదు. స్విచ్ ఆపితే దించిన శ్రుతి మరిచిపోతుంది. మళ్లీ వేస్తే అసలు శ్రుతికి వచ్చి కూర్చుంటుంది. పిన్ను వదులు కాబట్టి భజన మధ్యలో ఆగినా అంతే. గుర్తుపెట్టుకునే రకం అయివుంటే నేను ఒకేసారి నొక్కి ఉందును, అక్కను ఒకేసారి మోసం చేసి ఉందును. అది ప్రతి శనివారం మరిచిపోయేది కనుక ప్రతి శనివారం నేను కొత్తగా మోసం చెయ్యాల్సి వచ్చింది. ఒక్కోసారి బటన్ మీద వేలు పెట్టి ఆగేవాణ్ణి. ఇవాళ చెప్పేద్దామా అనుకునేవాణ్ణి. అప్పటికి తాళాలవాళ్లు సిద్ధంగా ఉండేవాళ్లు. నొక్కేసేవాణ్ణి.

దయతోనే చేశానని చెప్పుకోవచ్చు. చాలావరకు నిజం కూడా. కానీ చాలావరకు నిజమైనదాన్ని నిజమని చెలామణి చెయ్యడం నాకు ఇతరుల్లో నచ్చదు. ఊరంతా ఆవిడ గొంతును పొగుడుతుంటే ఆ గొంతు ఎంతలో ఉందో నాకొక్కడికే తెలుసన్న సంగతి నాకు తీపిగా ఉండేది. గొంతు ఆవిడది, చేతులు నావి. నాన్న ఉండి ఉంటే చూపించాలనిపించేది.

కిందటి నవరాత్రులకు టౌన్లో ఒక గుడి కమిటీవాళ్లు అక్కను కచేరీకి పిలిచారు. భజన కాదు, కచేరీ. అక్క ఎన్నేళ్లుగా ఎదురుచూసిన పిలుపో నాకు తెలుసు. కమిటీ ఆయన ఇంటికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"మా తమ్ముడు కీబోర్డు వాయిస్తాడండి" అంది అక్క.

"ఆయ్, అలాగేనండి... కానీ మాకు వయొలిన్ ఆయన ఉన్నారండి. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కూడా ఉంది. కీబోర్డు పెడితే ఆర్కెస్ట్రాలా ఉంటుందని మా పెద్దవాళ్లు... ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోవద్దని చెప్పినవాళ్లెవరూ నన్ను ఏమీ అనుకోకుండా ఉండనివ్వలేదు. నేను అక్క వైపు చూశాను. ఒక్క మాట అంటుందనుకున్నాను. మా తమ్ముడు లేకపోతే నేను రానండి అంటుందనుకున్నాను. ఆనాడు నాతో అన్నట్టు.

"పోనీలేరా, ఒక్కరోజుకేంటి? నువ్వు ముందు వరసలో కూర్చుని హాయిగా విను" అంది.

కచేరీకి మధ్యలో రోజులున్నాయి. ఆ రోజుల్లో ఏ పూట వెళ్లి చెప్పినా సరిపోయేది. అక్కా, నీ శ్రుతి ఇప్పుడు నాలుగు, అయిదున్నర కాదు, వాళ్లకి నాలుగని చెప్పు. ఇంతే మాట. వెళ్లలేదు. నా అవసరం లేదన్నారు కదా అనుకున్నాను. అక్క ఇంట్లో సాధన చేసుకునేటప్పుడు శ్రుతి పెట్టుకోదు, తోచిన ఎత్తులో పాడుకుంటుంది. అందుకని ఆవిడకూ అనుమానం రాలేదు.

ఆరోజు ఇద్దరం ఆటోలో కాలవగట్టు మీదుగా వెళ్లాం. అక్క ఉతికి మడతపెట్టిన పట్టుచీర కట్టుకుంది. లోపల కూనిరాగం తీస్తోంది. మధ్యలో ఆపి, "ఏరా, మాట్లాడవేం? ఇంకా కోపమేనా?" అంది.

"నాకేం కోపం?"

"నీ మొహం నాకు తెలీదేంట్రా. సరే, వచ్చేటప్పుడు నీకు ఇష్టమైన మైసూరు బజ్జీ కొనిపెడతాలే."

ఆటో గతుకుల్లో ఊగుతోంది. మాట గొంతుదాకా వచ్చింది. గట్టు దిగేదాకా అక్కడే ఉంది. ఆటో గుడి దగ్గర ఆగింది.

వయొలిన్ ఆయన కుర్రవాడే, మర్యాద తెలిసినవాడు. వేదిక మీద వంగి అడిగాడు: "శ్రుతి ఎంతమ్మా?"

"అయిదున్నర."

శ్రుతిపెట్టె మోగింది. అసలైన అయిదున్నర. నేను ముందు వరసలో, ప్లాస్టిక్ కుర్చీలో, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మొదటి పాట పల్లవి కిందస్థాయిలోది, నడిచిపోయింది. అనుపల్లవిలో అక్క మెడనరాలు తేలాయి. పైకి అందుకుంది. విరిగింది. ఆగి, మంచినీళ్లు తాగి, నవ్వి, మళ్లీ అందుకుంది. మళ్లీ విరిగింది.

"అయిదుకి దించుదామామ్మా?" అన్నాడు వయొలిన్ ఆయన, మైకుకు అందకుండా. ముందు వరసలో ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"అక్కర్లేదు నాయనా. నాది అయిదున్నరే."

మూడోసారి పాడలేదు. పల్లవి మీదే ముగించి, మంగళం పాడేసింది. నా వెనక ఎవరో ఆడమనిషి "పెద్దావిడ కదా, పాపం" అంది. చప్పట్లు కొట్టారు. జాలిపడ్డప్పుడు జనం చప్పట్లు గట్టిగానే కొడతారు.

తిరుగుదారిలో బజ్జీల బండి దాటిపోయాం. ఇంటి దగ్గర దిగాక, "నా గొంతు ఉన్నట్టుండి పోయిందిరా. మొన్న శనివారం కూడా బాగానే ఉందే" అంది. పెద్ద జబ్బేదో వచ్చిందేమోనని భయపడుతోంది. అప్పుడూ నేను చెప్పలేదు. రేపు డాక్టరుకి చూపిద్దాంలే అన్నాను. నేనే అన్నాను ఆ మాట.

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు అక్క మా ఇంటికి వచ్చింది. కీబోర్డు మా ఇంట్లోనే ఉంటుంది, గుడిలో కురుస్తుందని. దాని ఎదురుగా పీట లాక్కుని కూర్చుంది.

"నా శ్రుతి ఇవ్వరా. ఒకసారి చూసుకుంటాను."

స్విచ్ వేశాను. నేను ఆలోచించనేలేదు. ఎడమ చెయ్యి దానంతటదే వెళ్లి బటన్ మూడుసార్లు నొక్కింది. అక్క ఇంత దగ్గరగా, ఇంత నిశ్శబ్దంలో నా పక్కన ఎప్పుడూ కూర్చోలేదు.

"ఆ బటనేంట్రా?"

"ఏం లేదు. సౌండుది."

"అది నొక్కకుండా ఇయ్యి."

స్విచ్ ఆపి, మళ్లీ వేసి, నల్లమెట్టు నొక్కాను. అక్క కళ్లు మూసుకుని విన్నది. "ఇప్పుడు నొక్కి ఇయ్యి" అంది. నొక్కి ఇచ్చాను. రెండు షడ్జమాలకూ మధ్య ఎంత దూరముందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎప్పట్నుంచి?"

"జలుబు చేసిందన్నారే, ఆ తర్వాత వారం నుంచి."

"అందరికీ తెలుసా?"

"ఎవరికీ తెలీదు. ఒట్టు."

"నీకు తెలుసు కదరా." చీరచెంగుతో మెట్లమీద లేని దుమ్ము తుడిచింది. "గొంతు దిగితే దిగుతుంది. నాకూ వయసొచ్చింది, నాకు తెలీదా? నాలుగని చెప్తే నాలుగులో పాడేదాన్ని. నా గొంతు సంగతి నాకే తెలీకుండా చేశావు." తర్వాత అడిగింది: "ఆటోలో ఎందుకు చెప్పలేదు?"

దానికి ఒకటే జవాబుంది. అది నాకు తెలుసు. దాని బదులు నేను, "వాళ్లు నన్ను వద్దన్నప్పుడు నువ్వు ఒక్క మాటైనా అన్నావా?" అన్నాను.

అక్క నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. లేచి, పీట గోడకు జరిపి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

అప్పటినుంచి భజనకు రావడం లేదు. మోకాళ్లనొప్పులని ఊళ్లో అనుకుంటున్నారు. నేను కాదనలేదు. ఫోను ఎత్తదు. ఊరగాయ పంపితే పనిమనిషి చేత గిన్నె కడిగి వెనక్కి పంపింది. ఊరగాయతో సహా కాదు, అది ఉంచుకుంది. దాన్ని పట్టుకునే నేను ఇంకా ఆశపడుతున్నాను. శనివారాలు వేరే వాళ్లెవరో పాడుతున్నారు. నేను ఆ బటన్ ముట్టుకోవడం లేదు. వాళ్లు ఎంతంటే ఆ మెట్టే నిజంగా వెతుక్కుని, వేళ్లకు కొత్తదారి నేర్పుకుని వాయిస్తున్నాను. తప్పులు పడుతున్నాయి. పడనీ.

వినాయకుడి గుడివాళ్లు ఇప్పటికైనా వింటే చెబుతున్నాను. కొనండి. చవక, తేలిక, చెమ్మకు చెడదు. పిన్ను దగ్గర దారం కట్టుకోండి. దానంతటదే పాడే బటన్ మీద ప్లాస్టరు వెయ్యండి. శ్రుతి దించే బటన్ మంచిది, కానీ పాడే మనిషిని అడక్కుండా దాని మీద వేలు పెట్టకండి. అడగడం అంటే పైకి అడిగి, లోపల మీకు తోచింది చెయ్యడం కాదు. అలా అడిగేవాణ్ణి నేను.

ఇక మిగిలింది నీతోనే అక్కా. ఇది చదువుతావని నాకు తెలుసు. టీచరువి, అచ్చులో ఉన్నది ఏదీ చదవకుండా పారెయ్యవు. నువ్వడిగినదానికి జవాబు ఇదిగో: ఆటోలో చెప్పకపోవడానికి కారణం నా ఉక్రోషం. నువ్వు నావైపు ఒక్క మాట అనలేదని నిన్ను ఆ వేదిక మీదకు ఒంటరిగా పంపాను. గొంతుకి, జబ్బుకి, పెట్టెకి దేనికీ సంబంధం లేదు. నేను చెప్పాల్సింది చెప్పాను, అందరి ఎదుటా చెప్పాను.

ఇప్పుడు నీ వంతు. నిన్న సాయంత్రం మీ తలుపు కొట్టాను. లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. నేను కొట్టగానే ఆగింది. ఇంట్లోనే ఉన్నావు. పలకలేదు. తప్పు నాదే, కాదనను, కానీ అడిగినదానికి పలక్కపోవడం మాత్రం నీ తప్పు. మళ్లీ శనివారం కీబోర్డు చంకలో పెట్టుకుని వస్తాను, మీ గడపలోనే కూర్చుంటాను. పైకి అడుగుతాను, నిజంగా అడుగుతాను. నువ్వు నాలుగంటే నాలుగు, మూడంటే మూడు, నోరుమూసుకుని పొమ్మంటే అదైనా సరే. అన్నేళ్లు ఊరికే అడిగాను, ఈ ఒక్కసారి తెలియక అడుగుతున్నాను. శ్రుతి ఎంతే, అక్కా? చెప్పు.